ఊపిరి లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో నన్ను గూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినపుడు, ఏ ప్రబంధమును గూర్చియో ఏ శతకమును గూర్చియో చెప్పుదునని వారు తలచియుందురు. నేను ఊరి లెక్కలు వ్రాసికొని బ్రదుకువాడను. నా చదువు బడిలో కొంత, ఈ గ్రంథాలయపు బల్లమీద మిగిలినంత. గురుముఖమున పాఠము చెప్పించుకొన్నవాడను గాను. నిఘంటువును ప్రక్కన బెట్టుకొని, పద్యమునకొక పూట చొప్పున కూడబలికికొని చదివినవాడను. కావున నా మాటలలో తప్పులున్న పండితులు మన్నింతురు గాక.

నేడు నేను చెప్పదలచినది కావ్యవిషయము కాదు. క్షయరోగము ముదిరి, ఊపిరితిత్తులు తమ పనిని తాము చేయజాలని స్థితికి వచ్చినపుడు మనిషికేమగును, అంతవరకు రానీయకుండుటకు మనము చేయగలిగినదేమి, ఇదియే నా విషయము. ఉత్సవ సమయమున ఈ అమంగళ ప్రసంగమేల యని కొందరు అనుకొనవచ్చును. ఈ గ్రంథాలయమునకును ఈ రోగమునకును నడుమ తీరని బాకీ యొకటి యున్నది. దానిని చివర చెప్పుదును.

ఈ రోగము మన పూర్వులకు తెలియనిది కాదు. దానికి వారు పెట్టిన పేరు రాజయక్ష్మము. నక్షత్రములకు రాజైన చంద్రునికి మొట్టమొదట వచ్చినది గనుక ఆ పేరట. దక్షుని కూతుండ్ర నిరువదియేడుగురను పెండ్లాడి, రోహిణియందే మనసు నిలిపి తక్కినవారి నుపేక్షించినందున, మామ కోపమునకు గురియై చంద్రుడు దినదినము క్షీణించెనని కథ. అశ్వినీదేవతలు చికిత్స చేసిరని చరక సంహితలో నున్నది. ప్రభాసతీర్థమున మునిగి తేరుకొనెనని భారతములో నున్నది. ఆ భారతమునందే శంతనుని కుమారుడు విచిత్రవీర్యుడు యక్ష్మము సోకి పడుచుతనముననే మరణించెను. ఆ మరణమే లేనిచో ధృతరాష్ట్రుడు లేడు, పాండురాజు లేడు, కురుక్షేత్రమే లేదు. రఘువంశపు కడపటి సర్గలో అగ్నివర్ణుడును ఈ వ్యాధితోనే పోయెను.

చరకుడు దీనికి నాలుగు కారణములు చెప్పెను. శక్తికి మించిన సాహసము, శరీరవేగముల నాపుట, ధాతుక్షయము, విషమాశనము. విషమాశనమనగా తిండి సక్రమముగా లేకుండుట. ఈ నాలుగవదానిని మీరు జ్ఞాపకముంచుకొనవలయును. మరల దానికడకు వత్తును.

రాజుల రోగమను పేరు మనలను కొంత మోసపుచ్చినదని నా అభిప్రాయము. కావ్యములలో నిది భోగికి వచ్చిన రోగము. మన పల్లెలలో నిది పూరిపాకలో, గాలి వెలుతురు చొరని గదిలో, ఒక్కపూట తిని రెండు పూటలు పనిచేయు వానికి వచ్చు రోగము. 1882 మార్చి 24వ తేదీన బెర్లిను నగరమున రాబర్టు కోకు అను వైద్యుడు దీనికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొంటినని ప్రకటించెను. ఆనాటితో శాపములకును పాపములకును ఈ రోగముతో సంబంధము తెగిపోయినది. తెగిపోయినదని పుస్తకములలో వ్రాసియున్నది. మన వీధులలో ఇంకను తెగలేదు.

ఇక ఊపిరి సంగతి. మన రొమ్ములోని రెండు ఊపిరితిత్తులలో కంటికగపడని చిన్న చిన్న గాలితిత్తులు కలవు. వాని సంఖ్య 30 కోట్లకు తక్కువ కాదని శాస్త్రజ్ఞుల లెక్క. వాని గోడలన్నిటిని విప్పి పరచినచో సుమారు 70 చదరపు మీటర్ల నేలను కప్పును. మన ఈ గ్రంథాలయపు హాలు, వరండా, కార్యదర్శిగారి గది కలిపినను అంత లేదు. ఈ గోడ కావలి గాలి, ఈవలి నెత్తురు. గాలిలోని ప్రాణవాయువు నెత్తురులోనికి పోవును, నెత్తురులోని బొగ్గుపులుసు వాయువు గాలిలోనికి వచ్చును. ఇది రేయింబవళ్లు జరుగు సంత. సంత మూతబడిన నాలుగైదు నిమిషములలో మెదడు చెడును.

యోగశాస్త్ర గ్రంథములలో మనిషి దినమునకు 21,600 మారులు ఊపిరి తీయునని చెప్పుదురు. నేను లెక్కలవాడను గనుక దానిని భాగించి చూచితిని. దినమునకు 1,440 నిమిషములు. భాగహారము చేసిన నిమిషమునకు సరిగా 15 వచ్చును. నెమ్మదిగా కూర్చున్న ఆరోగ్యవంతుడు నిమిషమునకు 12 మొదలు 20 మారులు ఊపిరి తీయునని నేటి వైద్యులు చెప్పుచున్నారు. గడియారము లేని కాలమున మన పెద్దలు ఎట్లు లెక్కించిరో గాని, లెక్క నడుమనే పడినది.

ఈ లెక్క నేను నేర్చుకొనవలసిన కాలమున నేర్చుకొనలేదు. 2011వ సంవత్సరము మాఘమాసమున మా తమ్మునికి దగ్గు పట్టినది. వానికప్పుడు 38 ఏండ్లు. మీలో చాలమంది వానినెరుగుదురు. ప్రతి ఆదివారము ఉదయము ఆ కిటికీ ప్రక్క కూర్చుండి చదివెడివాడు. “ఏమిరా ఈ దగ్గు?” అని నేనడిగితిని. “పొగ దగ్గేలే అన్నయ్యా, చుట్ట మానేస్తే అదే పోతుంది” అని వాడనెను. నేను నమ్మితిని. నమ్ముట సులభముగా నుండెను. ఒకరు మందుసీసా యిచ్చిరి, మరియొకరు సూది వేసిరి. వారినననేల? సాయంకాలమగునప్పటికి జ్వరము తగులుచున్నదని, రాత్రులు చెమటతో పక్క తడిసిపోవుచున్నదని మా మరదలు నాతో రెండుమారులు చెప్పినది. నా నోటికి క్షయయను మాట వచ్చినది, పెదవి దాటలేదు. ఇంట పెండ్లికెదిగిన పిల్ల యున్నది. ఆ మాట వీధిలో పడిన సంబంధములు రావని నేను లెక్క వేసికొంటిని. నా ఉద్యోగమంతయు లెక్కలే. అన్నిటికంటె తప్పు లెక్క అదియే.

వైశాఖమునకు వాని చొక్కా వదులైనది. ఒకనాటి మధ్యాహ్నము అరుగుమీద కూర్చుండియే ఆయాసపడుచుండెను. మాట మధ్యలో ఆగి గాలి పీల్చుకొని మరల మాటలాడుచుండెను. గోళ్లు నీలముగా నుండెను. పట్టణమునకు తీసికొనిపోయితిమి. అచట నర్సు గడియారము చేతబట్టి వాని రొమ్మువంక నిమిషముసేపు చూచి కాగితముపై 40 అని వ్రాసినది. నేను మనసులోనే హెచ్చించితిని. దినమునకు 57,600. పెద్దలు దినమునకిచ్చినది 21,600. ఒక్క దినమున రెండున్నర దినములకు మించిన ఊపిరి ఖర్చగుచున్నది.

ఎక్స్‌రే పటమును వైద్యుడు వెలుతురుకెత్తి చూపెను. రెండు తిత్తులనిండ కొర్రగింజలు వెదజల్లినట్లు చుక్కలు. క్షయజీవులు నెత్తురులో కలిసి ఒడలంతట చల్లబడినపుడు ఇట్లగునట. పాశ్చాత్యులును ఈ రూపమునకు చిరుధాన్యపు పేరే పెట్టిరని ఆయన చెప్పెను. కళ్లె పరీక్షలో జీవులు కనబడలేదు. ఈ రకములో తరచు కనబడవట. అయినను ఆయన ఆలస్యము చేయక మరునాడే మందులు మొదలిడెను.

ఇక్కడ మీకొక సందేహము రావచ్చును. క్షయకు మందులున్నవి గదా, మొదలిడిన తర్వాత భయమేల? నాకును అదే సందేహము కలిగి ఆ వైద్యునడిగితిని. ఆయన ఓపికగా చెప్పినదానిని నాకు తెలిసిన భాషలో చెప్పుదును. మందు జీవులను చంపును గాని, చెడిన గోడలను ఒక్క రాత్రిలో కట్టదు. రోగము ఒక్కసారిగా పొంగినపుడు గాలితిత్తుల గోడలనుండి నీరు ఊరి లోపల నిండును. అపుడు పైనుండి ఎంత ప్రాణవాయువు పంపినను ఆ నీటిని దాటి నెత్తురును చేరదు. బండి సంతకు పోవును, అంగళ్లు మూసియుండును, వట్టి బండి తిరిగివచ్చును. నెత్తురు అట్లే వట్టిదై గుండెకు తిరిగివచ్చును.

ఇంకొక చిక్కు. ఆరోగ్యవంతునిలో ఊపిరి తీయు కండరములు శరీరమునకు వచ్చు ప్రాణవాయువులో నూటికి 5 పాళ్లకు మించి వాడుకొనవు. ఆయాసము పెరిగినకొలది ఆ ఖర్చు అనేక రెట్లు పెరుగును. తెచ్చిన కూలియంతయు కూలివాని తిండికే చెల్లిపోయినట్లు, పీల్చిన గాలి పీల్చుటకే చెల్లిపోవును. అప్పటికే చిక్కి శల్యమైన దేహము ఎన్ని దినములు అట్లు పనిచేయగలదు? కండరములు అలసిపోవును. అలసినపుడు ఆయాసము తగ్గినట్లు కనబడును, రోగి మగతగా నిద్రించును. ఇంటివారు తేరుకొన్నాడనుకొందురు. నిజమునకు లోపల బొగ్గుపులుసు వాయువు పేరుకొనుచున్నది. మేమును ఒక రాత్రి అట్లే సంతోషించితిమి.

ఊపిరితిత్తులు చెడు దారి ఇదొక్కటియే కాదు. కొందరిలో రోగము తిత్తిలో గుంటలు చేసి, అచటి నెత్తుటి నాళము తెగి, గొంతునిండ నెత్తురు వచ్చి క్షణములలో ఊపిరాడకపోవును. కొందరిలో తిత్తికి చిల్లుపడి గాలి బయటికి పోయి రొమ్ములో నిండి తిత్తిని నలిపివేయును. మరికొందరిలో క్షయ నయమై పదేండ్లు గడచినను మిగిలిన మచ్చలు ఆయాసము తెచ్చును. చిన్న జలుబు చేసినను వారు ఆసుపత్రి పాలగుదురు. మందులు పూర్తియైన వారిని గూడ మనము మరువరాదు.

అయిదవనాడు మా తమ్మునికి గొంతులో గొట్టము వేసి వెంటిలేటరు పెట్టిరి. ఆ యంత్రమును చూచి నేను భయపడితిని, ఇప్పుడు గౌరవింతును. దాని చరిత్రను తరువాత చదివితిని. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగెనులో పోలియో మహమ్మారి చెలరేగి, వందలకొలది రోగులకు ఊపిరి తీయు కండరములు చచ్చుపడినవి. ఇబ్సెను అను మత్తు వైద్యుడు గొంతులో రంధ్రము చేసి, రబ్బరు తిత్తిని చేతితో నొక్కుచు గాలి పంపవచ్చునని చూపెను. యంత్రములు చాలవు. వైద్య విద్యార్థులు పాళ్లు వేసికొని, నెలల తరబడి రేయింబవళ్లు మంచముల ప్రక్క కూర్చుండి తిత్తులు నొక్కిరి. అంతకుముందు అట్టివారిలో పదింట ఎనమండుగురకు పైగా చనిపోవుచుండగా ఆ మరణములు సగమునకు దిగివచ్చినవి. నేటి అత్యవసర చికిత్సా విభాగములు పుట్టినది అక్కడనే. ఎదుటివాని ఊపిరిని తన చేతితో తీయుట! భారతమంత కథ వ్రాయదగిన సంగతి యిది.

యంత్రము గాలి పంపును గాని రోగము కుదుర్పదు. తిత్తికి విశ్రాంతి యిచ్చి కాలము సంపాదించిపెట్టును, అంతే. ఆ పని గూడ జాగ్రత్తగా జరుగవలయును. పూర్వము నిండుగా గాలి పంపుట మంచిదనుకొనిరి. 2000వ సంవత్సరమున అమెరికాలో 861 మంది రోగులపై జరిగిన పరిశోధన అది పొరపాటని తేల్చినది. కొంచెము కొంచెముగా, మనిషి యెత్తునకు తగిన బరువులో కిలోకు 6 మిల్లీలీటర్ల చొప్పున పంపినచో నూటికి 40 మంది పోవుచోట 31 మందియే పోయిరి. 2013లో ఫ్రెంచి వైద్యులు, రోగిని దినమునకు పదునారు గంటలకు తక్కువ గాకుండ బోర్లా పడుకొనబెట్టిన మరణములు సగమగునని చూపిరి. ఇవి క్షయ నిమిత్తముగా చేసినవి కావు. నీరు నిండిన ఊపిరితిత్తులన్నిటికి వర్తించునవి. ఇన్ని తెలిసినను, వెంటిలేటరు వరకు వచ్చిన క్షయరోగులలో సగమునకు పైగా దక్కకపోవుటయే అనేక ఆసుపత్రుల అనుభవము. మందును నూరి ముక్కు గొట్టమున పోయవలెను; నిస్త్రాణమైన ప్రేవులు దానిని సరిగా గ్రహింపవు. ముందుగనే తిండిలేక క్షీణించిన దేహము మరియొక జ్వరమును తట్టుకొనలేదు.

మా తమ్ముడు తొమ్మిది దినములు యంత్రముపై నుండి పోయెను.

ఇపుడు నేను ముఖ్యముగా చెప్పదలచిన మాట. 1956లో మదరాసులోని చేట్పట్టున క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము వెలసినది. ఇంటనే యుండి మందు తినువారును, శానిటోరియములో మంచముపై పరుండి మంచి భోజనము చేయుచు మందు తినువారును ఇంచుమించు సమానముగనే బాగుపడుదురని, ఇంటనుండుటవలన ఇంటివారికి అదనపు ముప్పు లేదని వారు 1959లో ప్రకటించిరి. ప్రపంచమే ఆ మాట వినినది. మన మదనపల్లె కడ ఆరోగ్యవరము వంటి శానిటోరియములలో మంచముకొరకు నెలలు వేచియుండవలసిన దుస్థితి దానితో తగ్గినది. అది పేదవానికి గొప్ప మేలు. నేను దానిని కాదనను. కాని “క్షయకు ఇంటి వైద్యము చాలును” అను ఆ మంచి మాటయే కొందరికి ప్రాణాంతకమైనది. నూటికి ఎనుబది తొంబది మందికి చాలును నిజమే. ఎవరికి చాలదో మొదటి దినముననే ఏరవలదా?

ఆ ఏరుటను 2022లో తమిళనాడు ప్రభుత్వము రాష్ట్రమంతట మొదలిడినది. వారు చూచినదేమనగా, క్షయ మరణములలో సగమునకు పైగా చికిత్స మొదలిడిన మొదటి రెండు నెలలలోనే జరుగుచున్నవి. కావున రోగము తేలిన వెంటనే మూడు సంగతులు చూతురు. మనిషి మరీ చిక్కిపోయెనా? నిమిషమునకు 24 మారులకు మించి ఊపిరి తీయుచున్నాడా, లేక నెత్తురులో ప్రాణవాయువు నూటికి 94 కంటె తగ్గెనా? ఆసరా లేక నిలువలేడా? వీనిలో ఏ ఒక్కటి యున్నను ఇంటికి పంపక ఆసుపత్రిలో చేర్చుకొందురు. తూనిక, గడియారము, వ్రేలికి పెట్టు చిన్న పరికరము. పెద్ద యంత్రమొక్కటియు లేదు. ఆ వ్రేలి పరికరపు సూత్రమును 1970లలో కనిపెట్టినది తకువో అవొయాగి అను జపాను దేశీయుడు. దానిని మన ఊరికి తెచ్చినది 2020, 2021లలో వచ్చిన కరోనా. అప్పుడు కొన్నవి ఎన్ని యిండ్లలో బీరువా క్రింద దుమ్ముపట్టి యున్నవో మీకే తెలియును. దయచేసి బ్యాటరీ మార్చి చూడుడు.

రెండేండ్ల క్రిందట మన దక్షిణపు వీధిలో ఒక కోడలికి క్షయ తేలినది. పేరు చెప్పను. ఆశా కార్యకర్త మందుల పొట్లముతో పోయినపుడు ఆమె మంచము దిగలేకుండెను. బరువు 33 కిలోలు. కార్యకర్త నన్ను పిలిచినది, నా చేతి గడియారము కొరకు మాత్రమే. ఇద్దరము కూర్చుండి లెక్కించితిమి. 32. వ్రేలి పరికరము 88 చూపినది. అత్తగారు “మందులు వచ్చినవి గదా, రెండు దినములు చూతము” అనిరి. నేను ఎన్నడును పెద్దగా అరచువాడను గాను. ఆనాడరచితిని. ఆ సాయంకాలమే ఆసుపత్రికి పంపితిమి. గొంతులో గొట్టము వేయవలసిన అవసరము రాలేదు. ముక్కుకు ప్రాణవాయువు, మందులు, వేళకు తిండి. ఇరువది దినములకు తిరిగివచ్చినది. నేడు స్త్రీల వరుసలో కూర్చుండి యున్నది, మీరెవరును వెదకవలదు.

తిండియన్నాను. చరకుని విషమాశనము ఇచట వచ్చినది. 2023లో ప్రకటింపబడిన ఝార్ఖండు పరిశోధనలో రోగులకును ఇంటివారికిని నెలనెల ఆహారము ఇచ్చి చూచిరి. మొదటి రెండు నెలలలో బరువు నూటికి 5 పాళ్లు పెరిగిన రోగులలో మరణపు ముప్పు నూటికి 61 పాళ్లు తక్కువగా నుండెను. తిండి పెట్టిన యిండ్లలో కొత్తగా రోగము వచ్చుటయు నూటికి 39 పాళ్లు తగ్గినది. క్షయరోగికి ప్రభుత్వము తిండి నిమిత్తము ఇచ్చు సొమ్మును 2018లో నెలకు 500 రూపాయలుగా మొదలిడి 2024 నవంబరునుండి 1,000 రూపాయలు చేసినది. అది రోగి ఖాతాలో పడుచున్నదా లేదా చూచి పెట్టుటకు నేను సిద్ధముగా నున్నాను. ఖాతాలు చూచుట నాకు చేతనైన పని. 2023లో మన దేశమున ఈ రోగముచే 3 లక్షలకు పైగా మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఖాతాలో పడని సొమ్ము ఆ లెక్కలో ఎక్కడనో చేరుచున్నది.

ఇక బాకీ సంగతి. మా తమ్ముడు పోయిన నెలకు, వాడు తీసికొనిపోయిన నాలుగు పుస్తకములను నేను తెచ్చి ఈ బల్లమీద పెట్టితిని. అపుడు ఇచటనున్న పెద్దలు, వారిలో కొందరు నేడు లేరు, ఎవరును వానిని ముట్టలేదు. ఒకరు కాల్చివేయుడనిరి. నేనేమియు మాటలాడక గుడ్డలో మూట గట్టి వెనుక గదిలో అటకమీద పెట్టితిని. రిజిస్టరులో ఆ నాలుగు పుస్తకములు తిరిగివచ్చినట్లు నేటికిని వ్రాయబడలేదు. వారిని నిందింపను, నాకును అప్పుడు తెలియదు. క్షయ గాలివలన వచ్చును, దగ్గినపుడు తుంపరలలో వెలువడి మరియొకని ఊపిరిలో చేరి వచ్చును. పుస్తకమువలన, పళ్లెమువలన, చొక్కావలన రాదు. సరియైన మందు తినుచున్న రోగి కొన్ని వారములలోనే ఇతరులకు అంటించు స్థితిని దాటును. మా తమ్ముని చిన్న కుమారునికి అప్పుడు అయిదేండ్లు. ముందుజాగ్రత్తగా ఆరు నెలలు మాత్రలు మ్రింగించితిమి. నేడు కళాశాలలో చదువుచున్నాడు. వాడే ఈ ఉదయము నిచ్చెన వేసి ఆ మూటను దింపెను.

ఇదిగో ఆ మూట. ఒక వ్యవసాయ గ్రంథము, రెండు నవలలు, ఆంధ్ర మహాభారతము ఆదిపర్వము. చివరిదానిలో విచిత్రవీర్యుని కథకు కొంచెము ముందు తాటాకు ముక్క గుర్తుగా పెట్టియున్నది, అంతవరకే చదివినట్లున్నాడు. లైబ్రేరియనుగారూ, రిజిస్టరు తెరువుడు. 2011వ సంవత్సరపు పుటలో వాని పేరున నాలుగు పద్దులున్నవి. పదునాలుగేండ్ల ఆలస్య రుసుము నేను చెల్లింతును. ఆదిపర్వమును మాత్రము అల్మారాలో పెట్టకుడు. దానిని నేడు నా పేరున వ్రాయుడు.